నోటు పుస్తకాలు పంచారు సరే, పిల్లలకి చదవడం వచ్చిందా?

మార్చి నెల వస్తే చిన్న స్వచ్ఛంద సంస్థల ఆఫీసుల్లో ఒక పని మొదలవుతుంది. ఏడాది పొడవునా వాట్సాప్ గ్రూపుల్లో పడ్డ ఫోటోలన్నీ వెనక్కి జరుపుకుంటూ, ఏ కార్యక్రమానికి ఎంతమంది వచ్చారో తలలు లెక్కపెట్టి, యాన్యువల్ రిపోర్టులో లబ్ధిదారుల గడి నింపడం. నేనూ చేశాను ఆ పని, మూడేళ్ళు. ఒకే పిల్ల నోటు పుస్తకాలప్పుడు ఒకసారి, హెల్త్ క్యాంపులో ఒకసారి, ఆగస్టు 15న చాక్లెట్ తీసుకున్నప్పుడు ఒకసారి లెక్కలోకి వచ్చి ముగ్గురు లబ్ధిదారులైపోయేది. మాకు ఏటా ఎంతో కొంత పంపే ఒక రిటైర్డ్ మాస్టారు ఒకసారి ఫోన్ చేసి, "రిపోర్టు అంతా చదివానమ్మా, బాగుంది, ఇంతకీ ఆ పిల్లలకి చదవడం వచ్చిందా?" అన్నారు. నా దగ్గర జవాబు లేదు, ఫోటోలున్నాయి.

ఇక్కడ రాసేది ఆ తర్వాత నేర్చుకున్న సంగతులు. సాయంత్రం ట్యూషన్ సెంటర్లు నడిపే సంస్థని ఉదాహరణగా తీసుకుంటున్నాను, నాకు బాగా తెలిసింది అదే కాబట్టి. మీది కుట్టు శిక్షణ అయినా, తాగునీటి పని అయినా దారి ఇదే, కొలిచే వస్తువు మారుతుంది అంతే.

ముందు ఒక్క వాక్యం రాయండి

మీ పని వల్ల ఎవరికి, ఏం మారాలి, ఎప్పటికి మారాలి. ఈ మూడూ ఒక్క వాక్యంలో పట్టాలి. "గ్రామీణ బాలల సర్వతోముఖాభివృద్ధి" అని రాస్తే దాన్ని ఎవరూ కొలవలేరు, అందుకే చాలామంది అలా రాస్తారేమో అని నాకు అనుమానం. "మా సెంటర్లో జూన్‌లో చేరిన 3, 4, 5 తరగతుల పిల్లలు మార్చి కల్లా రెండో తరగతి స్థాయి కథని తెలుగులో తడబడకుండా చదవాలి" అని రాస్తే చూడగానే తెలుస్తుంది, అయిందా కాలేదా అని. ఆ వాక్యం సరిగా ఉందో లేదో తెలుసుకోవడానికి నేను వాడే చిట్కా: రేపు సెంటరుకి తాళం వేసి మీరు వెళ్ళిపోతే ఆ పిల్లల దగ్గర ఏం మిగులుతుందో అది రాశారా? నోటు పుస్తకం ఆర్నెల్లలో అయిపోతుంది, చదవడం వస్తే అది పిల్లతోనే ఉంటుంది.

ఒక్కటే ఎంచుకోండి అంటే టీమ్‌లో గొడవ అవుతుంది. ఆత్మవిశ్వాసం సంగతేంటి, పరిశుభ్రత సంగతేంటి అంటారు. అవన్నీ చేయండి, వద్దనడం లేదు. కొలిచేది మాత్రం మొదటి ఏడాది ఒక్కటే పెట్టుకోండి. పదిహేను సూచికలతో ఎక్సెల్ షీటు తయారుచేసిన సంస్థల్లో ఆగస్టు దాటాక ఆ షీటు తెరిచిన సంస్థని నేనింకా చూడలేదు.

కొలబద్ద కొత్తగా తయారుచేయకండి

చదవడం విషయంలో దేశంలో మంచి కొలబద్ద ఒకటి ఇప్పటికే ఉంది. ప్రథమ్ సంస్థ 2005 నుంచి అసర్ పేరుతో గ్రామాల్లో ఇంటింటికీ తిరిగి పిల్లల చదువుని పరీక్షిస్తోంది. అసర్ అంటే ఉర్దూలో ప్రభావం అనే అర్థం కూడా ఉంది, హైదరాబాదు వాళ్ళకి చెప్పక్కర్లేదు. ఆ పరీక్ష ఒక కాగితం మీద పట్టేస్తుంది: అక్షరాలు, చిన్న పదాలు, ఒకటో తరగతి స్థాయి పేరా, రెండో తరగతి స్థాయి కథ. తెలుగులోనూ ఉంది. దేశంలో ఐదో తరగతి చదివే గ్రామీణ పిల్లల్లో దాదాపు సగం మంది ఆ రెండో తరగతి కథ చదవలేకపోతున్నారని బయటపెట్టింది ఆ ఒక్క కాగితమే.

వాడే పద్ధతి తేలికే కానీ కొన్ని మెలికలున్నాయి. పరీక్ష పేరాతో మొదలుపెట్టాలి. పేరా సాఫీగా చదివితే కథ ఇవ్వాలి, చదవలేకపోతే పదాలకి దిగాలి, అవీ రాకపోతే అక్షరాలకి. పదాల్లో, అక్షరాల్లో ఐదింటికి నాలుగు సరిగ్గా చెబితే ఆ మెట్టు వచ్చినట్టు. పిల్లని ఒక్కదాన్నే పక్కన కూర్చోబెట్టుకుని చదివించాలి, నలుగురి ముందు నిలబెడితే వచ్చింది కూడా రాదు. చదివించేది ఆ సెంటర్ టీచర్ కాకూడదు, వేరే ఊరి సెంటర్ టీచర్ అయితే మంచిది. టీచర్ అబద్ధం చెబుతుందని కాదు, ఏడాదంతా చెప్పిన పిల్ల తడబడితే పెదవి కదిలించి అందించకుండా ఉండటం మనిషన్నవాళ్ళకి కష్టం. ఇంకోటి, పాఠ్యపుస్తకంలోంచి పాఠం ఇవ్వకండి. మన పిల్లలు పాఠాలు బట్టీపట్టి వేలు ఒకచోట పెట్టి నోటితో ఇంకోచోట చదివేస్తారు, మీకు చదువుతున్నట్టే కనిపిస్తుంది. కొత్త కథ ఇవ్వాలి, జూన్‌లో ఇచ్చిన కథ మార్చిలో ఇవ్వకూడదు, స్థాయి మాత్రం అదే ఉండాలి. ఏజెన్సీ ఊళ్ళలో ఇంట్లో కోయ, గోండి, సవర మాట్లాడే పిల్లలైతే చదివాక రెండు చిన్న ప్రశ్నలు అడగండి. వత్తులూ గుణింతాలూ తప్పు లేకుండా చదివి, అందులో ఏముందో తెలియకుండా కూర్చున్న పిల్లల్ని చూశాను.

అన్నిటికంటే ముఖ్యమైనది, జూన్‌లో కొలవడం. సెంటర్ తెరిచిన మొదటి రెండు వారాల్లో. దీన్నే బేస్‌లైన్ అంటారు. అందరూ దీన్ని వదిలేసి మార్చిలో కొలుస్తారు, మార్చిలో వచ్చిన అంకెకి అర్థం లేదు, ఆ పిల్లలు ఎక్కడ మొదలయ్యారో తెలియదు కాబట్టి. జూన్ పోతే ఆ ఏడాది పోయినట్టే, మళ్ళీ వెనక్కి వెళ్ళి కొలవలేరు.

మొత్తం ఎంతమందిలో?

ఇక్కడే నిజాయితీగా ఉన్నవాళ్ళు కూడా తెలియకుండా తప్పు చేస్తారు. ఒక లెక్క అనుకుందాం. జూన్‌లో 60 మంది చేరారు, అందులో 12 మందికి కథ చదవడం అప్పటికే వచ్చు. మార్చి నాటికి సెంటర్లో మిగిలింది 40 మంది, ఆ 12 మందీ అందులోనే ఉన్నారు. పరీక్ష పెడితే 24 మంది కథ చదివారు. రిపోర్టులో 40కి 24, అంటే 60 శాతం అని రాస్తాం. మానేసిన 20 మందిని మర్చిపోకపోతే 60కి 24, అంటే 40 శాతం. ముందే వచ్చిన 12 మందిని పక్కన పెడితే, రాని 48 మందిలో కొత్తగా నేర్చుకున్నది 12 మంది, అంటే 25 శాతం. ఒకే సెంటరు, ఒకే ఏడాది, మూడు అంకెలు. మొదటిది రాస్తే మనల్ని మనం మోసం చేసుకున్నట్టు, ఎందుకంటే మానేసేది ఎప్పుడూ వెనకబడ్డ పిల్లలే.

ఈ విషయంలో ఎం.వి. ఫౌండేషన్ దగ్గర నేర్చుకోవాల్సింది ఉంది. శాంతా సిన్హా గారి నాయకత్వంలో 1991లో రంగారెడ్డి జిల్లాలో బాల కార్మికుల పని మొదలుపెట్టినప్పుడు వాళ్ళు ఒక నిర్ణయం తీసుకున్నారు: బడిలో లేని ప్రతి బిడ్డా బాల కార్మికుడే. కర్మాగారంలో ఉన్నాడా, పశువులు కాస్తున్నాడా, ఇంట్లో చెల్లిని ఎత్తుకుని కూర్చుందా అని తేడా పెట్టలేదు. అంటే వాళ్ళు చూసింది తమ క్యాంపుకి వచ్చిన పిల్లల్ని మాత్రమే కాదు, ఊరి పిల్లలందర్నీ. క్యాంపులో వంద మంది ఉన్నా ఊళ్ళో ఇంకా ఇరవై మంది పొలంలో ఉంటే పని కానట్టే. ఆవిడకి 2003లో మెగసెసే అవార్డు వచ్చింది, అది అందరికీ గుర్తుంది. ఈ లెక్క పద్ధతి మాత్రం ఎవరూ చెప్పుకోరు, నా ఉద్దేశంలో అసలు సంగతి అదే.

మీరు లేకపోయినా వచ్చేదేనా?

పిల్లలు బడికి కూడా వెళ్తున్నారు కదా, ఏడాదిలో ఎంతో కొంత అక్కడా నేర్చుకుంటారు. ఆ 12 మందిలో ఎంతమంది మీ వల్ల?

హైదరాబాదులోనే దీనికి పెద్ద ఉదాహరణ ఉంది. మైక్రో ఫైనాన్స్ అప్పులతో పేద మహిళల జీవితాలు మారిపోతున్నాయని అందరూ నమ్ముతున్న రోజుల్లో, 2005లో, నగరంలోని 104 పేద బస్తీలు తీసుకుని, లాటరీ పద్ధతిలో 52 బస్తీల్లో ముందు ఆ అప్పులిచ్చే సంస్థ బ్రాంచీలు తెరిచి మిగతా వాటిలో తర్వాత తెరిచారు. ఆర్థికవేత్తలు అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డఫ్లో వాళ్ళ బృందం రెండు రకాల బస్తీలనీ పోల్చి చూసింది. చిన్న వ్యాపారాల్లో పెట్టుబడి కొంచెం పెరిగింది, ఇంట్లోకి వస్తువులు కొన్నారు, కానీ కుటుంబం మొత్తం ఖర్చులో, పిల్లల చదువులో, ఆరోగ్యంలో, ఆడవాళ్ళ మాటకి విలువలో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. అప్పు తీసుకున్నవాళ్ళనే అడిగి ఉంటే అందరూ బాగుందనే చెప్పేవారు. పోల్చడానికి ఆ రెండో 52 ఉన్నాయి కాబట్టి తెలిసింది.

చిన్న సంస్థ ఇంత చేయలేదు, చేయనక్కర్లేదు కూడా. కానీ ఒక అవకాశం మీ చేతిలో తరచూ ఉంటుంది: పది ఊళ్ళు సెంటర్ కావాలని అడుగుతాయి, మీ దగ్గర ఐదింటికే డబ్బుంటుంది. అప్పుడు ఎమ్మెల్యే గారి ఊరు, ట్రస్టీ గారి అత్తగారి ఊరు అని ఎంచుకునే బదులు, పది ఊళ్ళ పెద్దల్నీ కూర్చోబెట్టి అందరి ముందు చీటీలు తీయండి. రానివాళ్ళకి వచ్చే ఏడాది అని చెప్పండి, మాట నిలబెట్టుకోండి. పది ఊళ్ళ పిల్లలకీ జూన్‌లో, మార్చిలో పరీక్ష పెట్టండి. చీటీ కాబట్టి ఊళ్ళో ఎవరికీ కోపం రాదు, పోలిక కూడా దానంతటదే దొరుకుతుంది. ఒకటే సెంటర్ ఉన్నవాళ్ళు పక్క ఊరి అదే తరగతి పిల్లల్ని పరీక్షించి చూడొచ్చు. అది బలహీనమైన పోలికే, అలా అని రాసుకోండి.

కంపెనీల సి.ఎస్.ఆర్. డబ్బు, అంటే సామాజిక బాధ్యత కింద కంపెనీలు ఇచ్చే డబ్బు తీసుకునేవాళ్ళకి ఇంపాక్ట్ అసెస్‌మెంట్ (పని ప్రభావాన్ని కొలవడం) అనగానే టెన్షన్. చట్టం ప్రకారం సగటున ఏటా 10 కోట్లు, అంతకుమించి సి.ఎస్.ఆర్. బాధ్యత ఉన్న కంపెనీ, కోటి రూపాయలు, అంతకుమించి ఖర్చయిన ప్రాజెక్టులకి, అవి పూర్తయి కనీసం ఏడాది గడిచాక, బయటి సంస్థతో చేయించాలి. ఆ భారం కంపెనీది. ఎనిమిది లక్షల గ్రాంటు మీద రెండు లక్షలు పెట్టి కన్సల్టెంటుతో గ్లాసీ రిపోర్టు చేయించుకోవడం మీకు అవసరం లేదు.

పిల్లలు వేలల్లో ఉంటే అందర్నీ పరీక్షించక్కర్లేదు. మొత్తం పేర్ల జాబితా నుంచి వరసగా ప్రతి ఎనిమిదో పేరో పదో పేరో తీసుకుని 400 మందిని పరీక్షిస్తే అసలు అంకెకి అటూఇటూ 5 శాతం లోపు దొరుకుతుంది, 100 మంది అయితే అటూఇటూ 10. నాలుగు సెంటర్లే ఎంచుకుని అక్కడి పిల్లలందర్నీ పరీక్షిస్తే ఈ లెక్క కుదరదు, ఒక సెంటర్లో పిల్లలంతా ఒకేలా ఉంటారు. టీచర్ని "ఓ పదిమందిని పంపమ్మా" అని అడిగితే మాత్రం ఎవరొస్తారో మీకూ తెలుసు. రాసుకోవడానికి గూగుల్ షీట్ చాలు, సిగ్నల్ లేని ఊళ్ళకి కోబో టూల్‌బాక్స్ లాంటి ఉచిత యాప్ ఉంది. ఆధార్ నంబర్లు తీసుకోకండి, అవసరం లేనివి దాచుకుంటే తలనొప్పే. 2023 డేటా రక్షణ చట్టం ప్రకారం 18 ఏళ్ళలోపు వాళ్ళ వివరాలకి తల్లిదండ్రుల అనుమతి ఉండాలి, చేరేటప్పుడే సంతకం తీసుకోండి.

అంకె బాగోకపోతే

బాగోదు, మొదటిసారి ఎవరికీ బాగోదు. మాకు ఒక ఊళ్ళో మార్పు దాదాపు సున్నా వచ్చింది. టీచర్ మంచిది, హాజరు పట్టిక నిండుగా ఉంది. నేను ఆ టీచర్ని మార్చేద్దామనుకున్నాను, ఇప్పుడు తలుచుకుంటే సిగ్గుగా ఉంటుంది. ఊరికి వెళ్ళి రెండు రోజులు కూర్చుంటే తెలిసింది, మిరప కోతలు మొదలయ్యాక పిల్లలు అమ్మానాన్నలతో పొలానికి వెళ్ళి, సాయంత్రం సెంటరుకి వస్తున్నారు, వచ్చి నిద్రపోతున్నారు. టీచర్ పాపం హాజరు వేసి వాళ్ళని పడుకోనిస్తోంది. ఆ ఊరికి టీచర్ని మార్చడం కాదు, అక్టోబరు నుంచి జనవరి లోపు రోజుకి గంటన్నర చెప్పి కోతల లోపే ముగించే టైం టేబుల్ కావాలి. ఎక్కడ వెతకాలో అంకె చెప్పింది, ఏం జరుగుతోందో ఊళ్ళో కూర్చుంటేనే తెలిసింది.

ఈ అంకెని దాతలకి రాయాలా వద్దా అని మా కమిటీలో వాదన జరిగింది. రాశాం. ఒక దాత మానేశారు, అబద్ధం చెప్పను. మిగతావాళ్ళు ఉన్నారు, ఆ రిటైర్డ్ మాస్టారైతే కొంచెం ఎక్కువే పంపారు.

దీంతోపాటు ఖర్చుని కూడా ఫలితంతో భాగించండి. పైన చెప్పిన 60 మంది సెంటరుకి ఏడాదికి లక్షా ఎనభై వేలు అనుకుంటే, పిల్లకి 3,000 అని రాసుకుంటాం. కొత్తగా చదవడం వచ్చింది 12 మందికి, అంటే నేర్చుకున్న ఒక్కో పిల్లకి 15,000. సూపర్‌వైజర్ పెట్రోలు, మీ సొంత జీతం కూడా కలపండి, ఊరికే వచ్చిందని మీ గది అద్దె వదిలేయకండి, రేపు వేరే ఊళ్ళో ఆ గదికి అద్దె కట్టాల్సిందే. ఈ అంకె మీ సెంటర్లని ఒకదానితో ఒకటి పోల్చుకోవడానికి, వేరే సంస్థతో పోటీ పడటానికి కాదు.

పెంచడం

ఇక అందరికీ ఇష్టమైన భాగం. మూడు సెంటర్లు బాగా నడిచాయి, ముప్పై తెరుద్దాం. ఆగండి. ఆ మూడూ బాగా నడవడానికి కారణం ఏంటో తెలుసా? చాలాసార్లు కారణం సంస్థ పెట్టిన మనిషి వారానికి రెండుసార్లు బండేసుకుని వెళ్ళి చూడటం. ముప్పై ఊళ్ళకి ఆ మనిషి వెళ్ళలేరు, అంటే ముప్పైకి పెంచేది వేరే కార్యక్రమాన్ని, అదే పేరుతో.

కాబట్టి ముందు గింజ ఏదో, అంటే ఫలితం తెచ్చే అసలు భాగం ఏదో పట్టుకోవాలి. చేస్తున్నవన్నీ కాగితం మీద రాసి, ఒక్కొక్కటి తీసేస్తే ఏమవుతుందో ఒక సెంటర్లో చూడండి. స్నాక్స్, యూనిఫాం, రంగుల గోడలు, నెలకో పోటీ. వీటిలో కొన్ని తీసేసినా అంకె కదలదు. ప్రథమ్ వాళ్ళకి ఏళ్ళ తరబడి చేశాక దొరికిన గింజ ఇది: పిల్లల్ని తరగతిని బట్టి కాకుండా వచ్చిన స్థాయిని బట్టి గుంపులు చేసి, రోజూ కొంతసేపు ఆ స్థాయి పాఠమే చెప్పడం. అది కూడా ప్రభుత్వ బడికి చేర్చడం తేలిగ్గా జరగలేదు. బిహార్‌లో టీచర్లకి పుస్తకాలు, శిక్షణ ఇచ్చి వదిలేస్తే బడి రోజుల్లో పెద్ద తేడా రాలేదు, అదే ప్రభుత్వ టీచర్లు వేసవి క్యాంపుల్లో చెబితే పిల్లలు నేర్చుకున్నారు. టీచర్లకి చేతకాక కాదు, సిలబస్ పూర్తిచేయాలన్న ఒత్తిడిలో ఆ గంట దొరకలేదు. తర్వాత 2012-13లో హర్యానాలో బడి టైం టేబుల్లోనే ఒక గంట విడిగా పెట్టి, వచ్చి చూసి సాయం చేసే బాధ్యత ప్రభుత్వ సిబ్బందికే అప్పగిస్తే పనిచేసింది. గింజతో పాటు నేల కూడా ముఖ్యమన్నమాట.

మన దగ్గర పునుకుల ఉంది. అప్పటి ఖమ్మం జిల్లాలో పత్తి, మిరప పండించే ఊరు, పురుగుమందుల అప్పులతో విసిగి 2004 నాటికి మందులు మానేసింది. వేప కషాయం, పచ్చిమిర్చి వెల్లుల్లి కషాయం, ఎర పంటలు, పురుగుల్ని వాసనతో రప్పించి పట్టే లింగాకర్షక బుట్టలు. ఒక ఊరి నుంచి అది వేల ఊళ్ళకి వెళ్ళింది, ఎందుకంటే అప్పటికే ఊరూరా ఉన్న మహిళా సంఘాల మీదుగా సెర్ప్ (గ్రామీణ పేదరిక నిర్మూలనకి ప్రభుత్వం పెట్టిన సంస్థ) దాన్ని పట్టుకెళ్ళింది, చెప్పేవాళ్ళు ఆఫీసర్లు కాకుండా తమ పొలంలో చేసి చూపించిన రైతులే. కొత్తగా సంఘాలు పెట్టి, కొత్తగా ఆఫీసులు తెరిచి ఉంటే పదో మండలం దగ్గరే ఆగిపోయేది.

మీకు దారులు మూడు: మీరే తెరవడం, వేరే సంస్థలకి నేర్పడం, ప్రభుత్వానికి అప్పగించడం. మొదటిది నెమ్మది, కానీ పట్టు మీ చేతిలో ఉంటుంది. రెండోది నాకు ఇష్టం, ఒక్క జాగ్రత్తతో: విదేశీ నిధులు తీసుకునే సంస్థ, విదేశీ విరాళాల చట్టానికి 2020లో వచ్చిన సవరణ తర్వాత, ఆ డబ్బుని ఇంకో సంస్థకి ఇవ్వకూడదు, అందులో పరిపాలన ఖర్చు కూడా 20 శాతం దాటకూడదు. చిన్న సంస్థలకి డబ్బు పంచి పెంచుదామంటే కుదరదు, శిక్షణ, పుస్తకాలు, పరీక్ష కాగితాలు ఇవ్వొచ్చు. మూడోదానికి కలెక్టర్ గారి చిరునవ్వు సరిపోదు, కలెక్టర్ బదిలీ అయిపోతారు. రాతపూర్వక ఉత్తర్వు, టైం టేబుల్లో గంట, ఎం.ఈ.ఓ. (మండల విద్యాధికారి) గారి నెలవారీ సమీక్షలో మీ అంకెకి ఒక గడి, ఈ మూడూ ఉంటేనే ముందుకు వెళ్ళండి.

ఏ దారైనా ఒకేసారి పదింతలు చేయకండి. మూడు, ఆరు, పన్నెండు. ప్రతి మెట్టు దగ్గరా అదే కాగితంతో కొలవండి, అంకె పడిపోతే పెంచడం ఆపండి. బంగ్లాదేశ్‌లో రంగపూర్ వైపు మొంగా అనే పనిలేని నెలల్లో, పేద కుటుంబాలకి ఊరు దాటి పనికి వెళ్ళడానికి దారిఖర్చులు ఇచ్చే కార్యక్రమం ఒకటుండేది. చిన్నగా చేసినప్పుడు బ్రహ్మాండంగా పనిచేసింది. బాగా పెంచి 2017లో మళ్ళీ కొలిస్తే ఫలితం కనపడలేదు. నడుపుతున్న ఎవిడెన్స్ యాక్షన్ సంస్థ 2019లో దాన్ని మూసేసి, మూసేశామని అందరికీ చెప్పింది. నాకు తెలిసి అంత ధైర్యం చాలా తక్కువ మందికుంది.

చివరగా ఒక చిన్న పని. మార్చి అంకెలు దాతలకంటే ముందు తల్లిదండ్రులకి చెప్పండి. పిల్లల పేర్లు లేకుండా, జూన్‌లో ఎంతమంది ఏ మెట్టు మీద ఉన్నారు, ఇప్పుడెంతమంది, ఒక చార్టు మీద. మేం మొదటిసారి పెట్టినప్పుడు ఒకావిడ లేచి, అక్షరాల మెట్టు దగ్గరే ఆగిపోయిన తొమ్మిది మందిలో తన కొడుకున్నాడా అని అడిగింది. ఉన్నాడని తర్వాత పక్కకి పిలిచి చెప్పాం. మర్నాటి నుంచి ఆవిడ వాణ్ణి కోతలకి తీసుకెళ్ళలేదు.